ఎడ్వార్డ్ బెనెడిక్టస్

ఎడ్వార్డ్ బెనెడిక్టస్ (జూన్ 29, 1878 - జనవరి 28, 1930) ఫ్రాన్సు దేశానికి చెందిన చిత్రకారుడు, అలంకరణ కళాకారుడు మరియు రసాయన శాస్త్రవేత్త. పగిలినా ముక్కలు చెల్లాచెదరు కాని పొరల గాజును కనిపెట్టినవాడిగా ఇతడు ప్రసిద్ధుడు. నేడు కార్ల ముందు అద్దాలను ఈ పద్ధతిలోనే తయారుచేస్తారు.

జీవితం

బెనెడిక్టస్ పారిస్ నగరంలో జన్మించాడు. చిత్రలేఖనం, సంగీతం, రసాయన శాస్త్రం మూడింటిలోనూ కృషి చేశాడు. సంగీతకర్త మోరిస్ రావెల్ సభ్యుడుగా ఉన్న అపాష్ అనే కళాకారుల బృందంలో ఇతడు కూడా ఉండేవాడు. 1920లలో ప్రచురించిన ఇతని అలంకరణ నమూనాల సంపుటాలు ఆర్ట్ డెకో శైలికి చక్కని ఉదాహరణలు.

ఆవిష్కరణ

1903లో ఇతని ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె క్రిందపడి పగిలింది, కాని ముక్కలు విడిపోలేదు. అందులో పూర్వం ఉంచిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఆవిరై, లోపల పలుచని పొరగా అంటుకొని ఉండటమే ఇందుకు కారణం. ఆ కాలంలో కారు ప్రమాదాలలో గాజు పెంకులు గుచ్చుకొని ప్రయాణీకులు తీవ్రంగా గాయపడేవారు. రెండు గాజు పలకల మధ్య ఇటువంటి పొరను అతికించి, 1909లో బెనెడిక్టస్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. మూడు పొరలు ఉండటం వలన దీనికి ట్రిప్లెక్స్ అని పేరు వచ్చింది.

పగిలే విధానం

గాజు నొక్కుడును బాగా తట్టుకొంటుంది కాని లాగుడును తట్టుకోలేదు. దెబ్బ తగిలినపుడు పలక వంగి, దాని వెనుక తలం సాగుతుంది. అక్కడ మొదలైన పగుళ్ళు బండిచక్రపు ఆకుల వలె అన్ని వైపులకు వ్యాపిస్తాయి. వాటి మధ్య మిగిలిన భాగాలు కూడా వంగటంతో అడ్డంగా వలయాకారపు పగుళ్ళు ఏర్పడతాయి. అందువలన అద్దం సాలెగూడు వలె కనిపిస్తుంది. మధ్యపొర సాగుతూ దెబ్బలోని శక్తిని కొంత గ్రహించి, ముక్కలను పట్టి ఉంచుతుంది. చాలా కార్ల పక్క అద్దాలకు వాడే టెంపర్డ్ గాజు ఇందుకు భిన్నంగా చిన్నచిన్న ముక్కలై రాలిపోతుంది.

వినియోగం

ఖర్చు ఎక్కువ కావటంతో కార్ల తయారీదారులు మొదట దీనిపై ఆసక్తి చూపలేదు. ఈ గాజు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధంలో, సైనికుల గ్యాస్ మాస్కుల కంటి అద్దాలలో. 1927 చివరలో విడుదలైన ఫోర్డ్ మోడల్ ఏ కారు ముందు అద్దానికి పొరల గాజును వాడారు. అయితే సెల్యులోజ్ నైట్రేట్ పొర ఎండకు పసుపుబారేది. ఈ లోపం లేని పాలీవినైల్ బ్యుటిరాల్ పొర 1930ల చివరి భాగంలో వాడుకలోకి వచ్చింది. అప్పటికే, 1930లో, బెనెడిక్టస్ పారిస్‌లో మరణించాడు.