యల్లాప్రగడ సుబ్బారావు - పత్రామ్లము

సంతానము కోరు స్త్రీకిని, నెల తప్పిన తొలిదినములలోని గర్భిణికిని వైద్యులు నేడు వ్రాసి యిచ్చు చిన్నమాత్ర ఫోలిక్ ఆమ్లము. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును కనుగొన్న పరిశోధకులకు నాయకుడు ఒక ఆంధ్రుడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థులైరి. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణీరోగమునకు కొద్దిదినముల వ్యవధిలో బలియైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియైనందున, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను.

మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారు చేసిన ద్రవ్యసహాయముతో 1923లో ఆయన అమెరికా చేరిరి. బయలుదేరునాటికి భార్య శేషగిరి గర్భవతి. పుట్టిన మగశిశువు తొమ్మిదినెలల ప్రాయముననే విసర్పిరోగముచే కన్నుమూసెను. కన్నకొడుకును కంటితో చూచు భాగ్యము ఆ తండ్రికి లేకపోయెను. ఆయన మరల స్వదేశమునకు రానేలేదు.

హార్వర్డులో ఫిస్కెతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని, కండరముల శక్తికి మూలమగు పదార్థములను వెల్లడించిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి.

అంతకు పూర్వమే లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులను పీడించు రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారము దానిని నయముచేయునని 1931లో ప్రకటించెను. ఆ గుణమునకు కారణమైన పదార్థమును 1941లో అమెరికాలో పాలకూర ఆకులనుండి వేరుచేసి, ఆకు అను అర్థముగల లాటిను పదమును బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. అయితే కొండంత ఆకునుండి లభించునది పిసరంత. ఆ కొరతను తీర్చినది సుబ్బారావుగారి బృందము. 1945లో వారు ఆ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికిని అది మందయ్యెను.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, ఆయన న్యూయార్కులో హఠాత్తుగా మరణించిరి. గర్భస్థశిశువునకు ఈ ఆమ్లము చేయు గొప్ప ఉపకారము అప్పటికింకను తెలియదు. గర్భము ధరించిన 28 దినముల లోపుననే మెదడునకును వెన్నుపామునకును మూలమగు నాళము మూసుకొనును. అప్పటికి పలువురు స్త్రీలకు తాము గర్భవతులమను సంగతియే తెలియదు. ఆ నాళము సరిగా మూసుకొననిచో శిశువు వెన్ను చీలియో, మెదడు, కపాలము పూర్తిగా ఏర్పడకయో జన్మించును. అట్టి శిశువును లోగడ కన్న తల్లులు గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము సేవించినచో, ఆ ప్రమాదము తిరిగి కలుగుట 72 శాతము తగ్గునని బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి 1991లో నిరూపించెను. కావుననే గర్భము కోరునాటినుండి పండ్రెండవ వారమువరకు దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొనవలెనని స్త్రీలకు వైద్యులు చెప్పుదురు. లోగడ అట్టి శిశువును కన్నవారికి ఇంతకంటె ఎక్కువ మోతాదు వ్రాయుదురు. నెల తప్పిన పిమ్మట ఆరంభించిన మందు ఆ నాళమునకు సకాలమున అందక పోవచ్చును.

భారత ప్రభుత్వము 1995లో ఆయన శతజయంతికి తపాలాబిళ్ల వెలువరించెను. ఆ మాత్రను మ్రింగు తల్లులలో ఆయన పేరెరిగినవారు అరుదు. వారి బిడ్డలు మాత్రము నిండైన వెన్నుతో పుట్టి, ఆడుకొనుచున్నారు.