బొద్దు అక్షరాల రూపశిల్పి ఆస్వాల్డ్ కూపర్

బలిసిన గీతలు, ఎక్కడా పదును లేని గుండ్రని అంచులు, చూడగానే ఆహ్లాదం గొలిపే నిండుదనం.. 'కూపర్ బ్లాక్' ఆంగ్ల అక్షరాల ప్రత్యేకత ఇది. మైక్రోసాఫ్ట్ ఆఫీసు వాడేవారికి ఫాంట్ల జాబితాలో సుపరిచితమైన పేరు. ఆ పేరు వెనుక ఉన్న వ్యక్తి ఆస్వాల్డ్ బ్రూస్ కూపర్. చిత్రకారుడు కావాలని బయలుదేరి, అక్షరశిల్పిగా చరిత్రకెక్కిన కళాకారుడాయన.

ప్రెస్సు నుంచి షికాగోకు..

కూపర్ 1879 ఏప్రిల్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మౌంట్ గిలీడ్‌లో జన్మించారు. బాల్యం కాన్సస్ రాష్ట్రంలోని కాఫీవిల్‌లో గడిచింది. చదువు మధ్యలోనే విడిచి ముద్రణాలయంలో పనికి కుదిరారు. అనంతరం చిత్రలేఖనం అభ్యసించేందుకు షికాగో చేరి ఫ్రాంక్ హోమ్ పాఠశాలలో ప్రవేశించారు. బొమ్మలు గీయడం తనకు అబ్బదని అక్కడే గ్రహించారు. అయితే ప్రసిద్ధ అక్షరశిల్పి ఫ్రెడరిక్ గౌడీ అదే పాఠశాలలో అధ్యాపకులు. ఆయన శిక్షణలో కూపర్ దృష్టి అక్షర రచన వైపు మళ్లింది. కొంతకాలానికి అక్కడే పాఠాలు బోధించే స్థాయికి ఎదిగారు.

1904లో ఫ్రెడ్ బెర్ట్ష్‌తో కలిసి 'బెర్ట్ష్ అండ్ కూపర్' సంస్థను నెలకొల్పారు. ప్రకటనలకు ఆయన చేతితో రాసిన అక్షరాలు వ్యాపార వర్గాలను ఆకర్షించాయి. ప్యాకర్డ్ కార్ల ప్రకటనల కోసం రాసిన అక్షరాల ఆధారంగా 1913లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థ ఒక టైపునే వెలువరించింది.

సంచలనం రేపిన 'బ్లాక్'

షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ ఫౌండ్రీ కోరిక మేరకు కూపర్ సీసపు అచ్చక్షరాల రూపకల్పన చేపట్టారు. 'కూపర్ ఓల్డ్‌స్టైల్' తరువాత 1922లో 'కూపర్ బ్లాక్' విడుదలైంది. దూరం నుంచే కంటికి ఆనే ఈ అక్షరాలకు ప్రకటనకర్తలు బ్రహ్మరథం పట్టారు. సంప్రదాయ ముద్రాపకులు మోటుగా ఉన్నాయని పెదవి విరిచినా గిరాకీ తగ్గలేదు.

విజయం వెంటే పోటీ వచ్చింది. అక్షరాల ఆకృతికి అమెరికా కాపీరైట్ చట్టం రక్షణ కల్పించదు. ఇతర సంస్థలు అదే బాణీలో బొద్దు అక్షరాలు తయారు చేశాయి. మోనోటైప్ సంస్థ 1925లో విడుదల చేసిన 'గౌడీ హెవీఫేస్' వాటిలో ఒకటి. శిష్యుని సృష్టికి పోటీగా నిలిచే అక్షరాలను గురువే రూపొందించాల్సి రావడం విశేషం. కూపర్ మాత్రం తన కృషిని కొనసాగించి 1926లో 'బ్లాక్ ఇటాలిక్' అందించారు.

మరణానంతరం మరింత వెలుగు

1940 డిసెంబరు 17న, 61వ ఏట కూపర్ కన్నుమూశారు. సీసపు టైపుల కాలం ముగిసినా ఆయన అక్షరాలకు కాలదోషం పట్టలేదు. ఫొటో టైప్‌సెట్టింగ్ రాకతో 1960వ దశకంలో అవి కొత్త ఊపిరి పోసుకున్నాయి. 1966లో బీచ్ బాయ్స్ బృందం వెలువరించిన 'పెట్ సౌండ్స్' సంగీత ఆల్బమ్ అట్టపైనా, 1968లో బీబీసీలో ప్రారంభమైన 'డాడ్స్ ఆర్మీ' హాస్య ధారావాహిక పేర్లలోనూ దర్శనమిచ్చాయి. 1995లో ఆరంభమైన ఈజీజెట్ విమానాల పైకీ ఎక్కాయి.

గీసిన ఆకృతిపై హక్కును చట్టం ఇవ్వకపోయినా, ఆ అక్షరాలు తమను సృష్టించిన వాని పేరును నేటికీ మోస్తూనే ఉన్నాయి.