పండితుల చెలిమితో తెలుగు నేర్చిన బ్రౌను దొర

విద్య ఎవరి నుంచి వచ్చినా శిరసు వంచి స్వీకరించడం మన పెద్దలు నేర్పిన మర్యాద. మీ పూజామందిరంలోని భాగవతం, మీ పిల్లలు వల్లించే వేమన పద్యం ఒకనాడు చెదలు పట్టిన తాటాకుల మీద అవసానదశలో ఉండేవి. ఆ సాహిత్యాన్ని కాగితం మీదికి చేర్చిన వారిలో అగ్రగణ్యుడు ఒక క్రైస్తవ మతబోధకుని కుమారుడు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ ప్రచారాన్ని జీవితవ్రతంగా పెట్టుకుని 1786లో వంగదేశానికి వచ్చినవారు. ఫోర్ట్ విలియం కళాశాలకు అధిపతిగానూ పనిచేశారు. ఆ కళాశాలలోనే దేశభాషలు బోధించిన విలియం కేరీ అనే మరో మతబోధకుడు 1814లో ఒక తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించారు. జనం మాట తెలియకుండా జనం మనసు తెలియదని ఆ బోధకులు గ్రహించారు. వారి లక్ష్యం మతవ్యాప్తి, అందుకు మార్గం భాష. తండ్రి నడిచిన ఆ మార్గమే కుమారునికి వారసత్వమైంది. గమ్యం మాత్రం వేరైంది.

1812లో తండ్రి గతించగా, ఇంగ్లండులో చదువు ముగించి, 1817 ఆగస్టులో కంపెనీ ఉద్యోగిగా బ్రౌన్ చెన్నపట్నం చేరారు. వెలగపూడి కోదండరామ పంతులు గారి వద్ద తెలుగు అక్షరాభ్యాసం జరిగింది. 1820లో కడపకు, 1822లో మచిలీపట్నానికి ఉద్యోగరీత్యా వెళ్లారు. 1824లో ద్యుబ్వా అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన ఆయన కంటబడింది. ఆనాటి నుంచి వేమన పద్యాల వ్రాతప్రతుల కోసం అన్వేషణ ఆరంభమైంది. వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, తిప్పాభట్ల వేంకట శివశాస్త్రి వంటి పండితులు ఆయనకు ఛందస్సు బోధించి, పద్యహృదయాన్ని పరిచయం చేశారు. కచేరీలో దొర, పండితుల ముందు శిష్యుడు! అధికారమున్నవాడు ప్రశ్న అడగడం సులభమే. తనకు తెలియదని ఒప్పుకుని అడగడం ఎంత దుర్లభమో విజ్ఞులైన మీరు ఎరుగుదురు. ఆ వినయానికి ఫలంగా 1827లో ఛందోగ్రంథం, 1829లో 693 వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో వెలువడ్డాయి.

1825లో బ్రౌన్ రాజమహేంద్రవరానికి వచ్చారు. నేటి మన కోనసీమ అప్పుడు ఆ జిల్లాలోనిదే. తెలుగు సాహిత్యం ఆరిపోవడానికి సిద్ధమైన దీపంలా ఆయనకు కనిపించింది. పోషించే ప్రభువులు కరువయ్యారు. తాటాకు ప్రతిని ఎప్పటికప్పుడు తిరిగి రాయించకుంటే పురుగుల పాలవుతుంది. రాయించే స్థోమత పండితునికి లేదు.

ఆ తరువాత కడపలో బంగళా, తోట కొని, అక్కడ పండితులను కూర్చి, తన సొంత జీతం నుంచే వారిని పోషించారు. జూలూరి అప్పయ్య శాస్త్రి వారిలో ముఖ్యులు. ఒకే కావ్యానికి పలుచోట్ల నుంచి ప్రతులు తెప్పించేవారు. కాగితాలపై ఎత్తిరాయించి, పాఠభేదాలు గుర్తించి, పండితులతో చర్చించి మేలైన పాఠాన్ని నిర్ణయించేవారు. మనుచరిత్ర, వసుచరిత్ర వంటి ప్రబంధాలు ఆ పరిశ్రమ వల్లనే చక్కని వ్యాఖ్యలతో ముద్రణకు నోచుకున్నాయి.

ఇంతటి యజ్ఞానికి జీతం చాలక బ్రౌన్ అప్పుల పాలయ్యారు. 1834లో ఉద్యోగానికీ దూరమై స్వదేశం చేరారు. అక్కడైనా విశ్రమించారా? లేదు. లండనులోని ఇండియా హౌస్‌లో మూలపడి ఉన్న తెలుగు వ్రాతప్రతులను వెదకి పట్టుకున్నారు. 1837లో పారశీక అనువాదకునిగా మళ్లీ చెన్నపట్నం వచ్చి, 1840లో వ్యాకరణాన్ని, 1852లో నేటికీ పునర్ముద్రణలు పొందుతున్న తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించారు. రైతు మాటకు, కచేరీ మాటకు కూడా తన నిఘంటువులలో ఆసనం వేశారు. తాను సేకరించిన రెండు వేలకు పైగా ప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి సమర్పించారు.

బ్రౌన్ తన మతాన్ని వీడలేదు. ఆయన మిత్రులైన పండితులు తమ ఆచారాన్నీ వీడలేదు. మన పద్ధతులలో కొన్నింటిని ఆయన విమర్శించిన మాటా వాస్తవమే. అయినా భేదం భేదంగానే ఉండగా, మధ్యలో సరస్వతి కొలువు తీరింది. ఒకరినొకరు మార్చుకోవాలన్న పట్టుదల లేనిచోట స్నేహానికి చోటు దొరుకుతుందని ఈ చరిత్ర చెప్పడం లేదా?

1855లో బ్రౌన్ భారతదేశాన్ని వీడి వెళ్లారు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. అవివాహితునిగానే జీవించి, 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి అవిరళ కృషి ఫలితంగా, ఆయన పేరిట గ్రంథాలయం వెలసింది.

నేడు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల బిడ్డలెందరో పరదేశాలలో జీవిస్తున్నారు. అక్కడి భాషను పొరుగువారి ముందు వినయంగా కూర్చుని నేర్చుకోమని వారికి చెప్పండి. మాటతోపాటు మైత్రీ లభిస్తుంది. ఇక మీ ఇంటి అటక మీద తాతగారి తాటాకు కట్ట ఉంటే, పాతదని గోదావరిలో విడువకండి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోటికి చేర్చండి. పరాయివాడు అప్పుచేసి కాపాడిన సంపదను సొంతవారమే ఏటిపాలు చేయడం ధర్మమా? ఋషిఋణం తీర్చుకోవడమంటే చదవడం, చదివించడం, భద్రపరచడం. ఆ ఋణాన్ని మన తరఫున కొంత తీర్చిన బ్రౌను దొరకు కృతజ్ఞతాంజలి ఘటిద్దాం.