ఫకీరు సింగు

సూరతు నగరమున కతర్‌గామ్ ద్వారము చెంతనున్న ఆంగ్లేయుల శ్మశానవాటికను మన సభ్యులలో పలువురు చూచియే యుందురు. 1669లో మరణించిన జార్జి ఆక్సెండెను మొదలగు వర్తకాధిపతుల సమాధులు అచట స్తంభములతో, గుమ్మటములతో చిన్న భవనములవలె నిలిచియున్నవి. అవి వర్తకమునకై వచ్చినవారి గుర్తులు. ఆ జాతివాడే యైన మఱియొకడు, చేతనున్న అధికారమును విడిచి, కాళ్లకు చెప్పులైన లేక మన దేశపు పల్లెలలో తిరిగెను. ఆయన గుర్తు సమాధి కాదు, ఒక యూరు. అది మన తెలుగునాట బాపట్లకును చీరాలకును నడుమ నున్న స్టూవర్టుపురము. ఆయన పేరు ఫ్రెడరిక్ బూత్ టక్కరు.

టక్కరు 1853వ సంవత్సరము మార్చి 21వ తేదీన గంగాతీరమందలి ముంగేరులో జన్మించెను. విద్యాభ్యాసము ఇంగ్లండులో జరిగెను. 1874లో ఐ.సి.యస్. పరీక్షయందు కృతార్థుడై, మరుసటి యేట లండనులో మూడీ, సాంకీ అను అమెరికా బోధకుల సభలకు పోయి క్రీస్తుభక్తి దృఢపఱచుకొనెను. 1876లో పంజాబునకు అధికారిగా వచ్చి కచేరీలో తీర్పులు చెప్పుచు, సెలవు దినములందు మతప్రచారము చేయుచుండెను. ఇట్లు రెండు పడవలమీద కాళ్లుంచి అయిదేండ్లు గడపెను.

1881లో విలియం బూత్ స్థాపించిన రక్షణ సైన్యమువారి పత్రిక యొకటి ఆయన చేతికి వచ్చెను. దానిని చదివి సెలవు పెట్టి లండనునకు పోయి, ఆ సైన్యమును కన్నులార చూచి, ఉద్యోగమునకు రాజీనామా నిచ్చెను. పింఛను హక్కును పోయెను. జీతము, హోదా, వృద్ధాప్యపు భరోసా ఒక్క కాగితముతో విడుచుట యెట్టిదో ప్రభుత్వోద్యోగులమైన మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

1882 సెప్టెంబరు 19న ముగ్గురు సహచరులతో బొంబాయి రేవున దిగెను. వీధులలో వాద్యములతో ఊరేగుట శాంతిభంగమని పోలీసులు వారిని పట్టుకొనిరి. నిన్నటి న్యాయాధికారి 1883లో నెలదినములు చెఱసాల ననుభవించెను. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేనుడు ఆ అన్యాయమును ఖండించెను. పరమతస్థునికై ఆ మహాశయుడు నోరు విప్పుట గమనింపదగినది.

టక్కరు కాషాయము ధరించి, ఫకీరు సింగు అను పేరు పెట్టుకొని, భిక్షాన్నముతో గ్రామములు తిరిగెను. గుజరాతు పల్లెలలో ఈ సైన్యము ముక్తిఫౌజ్ అను పేరుతో వేళ్లూనెను. వేషము మార్చినంత మాత్రమున దొర పేదవాడగునా యని అడుగువారు నాడును గలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను ఎండకును కలరాకును వేషమని తెలియదు. ఆయన వెంట నడచిన యువజనులలో కొందరు ఆ కష్టములకే బలియైరి.

మొదటి భార్య 1887లో మరణింపగా, మరుసటి యేట విలియం బూత్ కుమార్తె ఎమ్మాను వివాహమాడి, ఆమె యింటి పేరును తన పేరున చేర్చుకొనెను. 1896 నుండి 1904 వఱకు అమెరికాలో సైన్యమునకు నాయకత్వము వహించి, నగరములలోని నిరుపేదలకు భూమినిచ్చు వ్యవసాయ నివాసములను నెలకొల్పెను. 1903లో ఎమ్మా రైలు ప్రమాదమున మరణించెను. 1907లో ఆయన మరల భారతదేశమునకు వచ్చెను.

అంతట ఆయన దృష్టి, ఏ యూరను నిలువక తిరుగు జనులపై పడెను. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము కొన్ని కులములకు కులములనే దొంగలని ముద్రవేసెను. బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడు! 1908లో గోరఖపురమున డోములకొఱకు టక్కరు మొదటి నివాసమును తెఱచెను. 1911 నాటి క్రొత్త చట్టము మద్రాసు రాజధానికిని విస్తరించెను. దాని వాత బడినవారిలో మన ఎఱుకలవారు ముఖ్యులు.

ఎఱుకలవారు మొదటినుండియు దొంగలు కారు. ఉప్పు ఎఱుకలు గాడిదలమీదను ఎద్దులమీదను సముద్రతీరపు ఉప్పును లోనాడులకు చేర్చి, ధాన్యముతో తిరిగి వచ్చెడివారు. దబ్బ ఎఱుకలు వెదురుతో బుట్టలల్లెడివారు. స్త్రీలు ఎఱుక చెప్పెడివారు. రైలు వచ్చి ఉప్పు బేరమును మ్రింగెను. 1876-78 నాటి కఱవులో పశువులు చచ్చెను. బ్రదుకుతెరువు పోయినవానిని ప్రభుత్వము దొంగ యనెను. ఆకలిచే కొందరు ఆ మాటను నిజము చేసిరి.

1913లో ఏర్పడిన నివాసమునకు మద్రాసు ప్రభుత్వ సభ్యుడైన హెరాల్డు స్టూవర్టు పేరు పెట్టిరి. ఇచ్చట భూమి యుండెను, బడి యుండెను, పని యుండెను. హాజరు పట్టీయు నుండెను. అనుమతి చీటి లేనిదే పొలిమేర దాటరాదు. కొన్ని నివాసములందు పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి పెంచిరి. ఒకనాడు తన ఊరేగింపును పోలీసులు అడ్డగింపగా చెఱకు పోయినవాడు, తిరుగుటయే జీవితముగా గలవారికి కావలి పెట్టువాడయ్యెను. ఆయన ఉద్దేశము మంచిదనుటకు సందేహము లేదు. లాఠీకంటె బడి మేలని యాయన నమ్మెను, అది నిజము. కాని ఆ చట్టము పుట్టుకనే నేరముగా నెంచునదని ఆయన ఎదిరింపలేదు, దానితో చేయి కలిపెను. 1913లో ప్రభుత్వము ఆయనకు కైజరు-ఇ-హిందు పతకము నిచ్చెను. విడిచిన సర్కారు మరల ఆయనను తన వానిగా చేసికొనెనని నాకు తోచుచుండును.

1919లో ఆయన ఈ దేశమును విడిచెను. 1929 జూలై 17న లండనులో కన్నుమూసెను. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయ్యెను. కాని ఊరి పేరుతో వచ్చిన అపకీర్తి చట్టముతో పోలేదు. పత్రికలు, చలనచిత్రములు దానిని పెంచినవి. ఊరి పేరు వినగానే ఉద్యోగమీయ జంకినవారు గలరు. 1970 తర్వాత విజయవాడ నాస్తిక కేంద్రమువారైన లవణము, హేమలతా లవణము దంపతులు సంస్కార్ సంస్థ ద్వారా ఆ యూరికి పోయి, నేరము మానినవారికి పనిని, వారి బిడ్డలకు చదువును సమకూర్చుటకు పూనుకొనిరి. వారు ఏ ఇంటికిని కావలి పెట్టలేదు.