చిత్రకళా తపస్వి రాజా రవివర్మ

లలితకళలలో కవిత్వం చెవికి ఇంపు కలిగిస్తే చిత్రలేఖనం కంటికి విందు చేస్తుంది. కవులు వర్ణించిన శకుంతలా దమయంతులను, పురాణాలు కీర్తించిన దేవతామూర్తులను తైలవర్ణాలలో సాక్షాత్కరింపజేసిన మహాచిత్రకారుడు రాజా రవివర్మ.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిలిమానూరు గ్రామంలో జన్మించాడు. వారిది రాజబంధువుల కుటుంబం. తండ్రి నీలకంఠన్ భట్టతిరిపాడ్ సంస్కృత పండితుడు. తల్లి ఉమాంబ ‘పార్వతీ స్వయంవరం’ రచించిన కవయిత్రి. అందువల్ల పురాణగాథలు రవివర్మకు ఉగ్గుపాలతోనే అబ్బాయి. బాల్యంలో ఆయన బొగ్గుముక్కలతో ఇంటి గోడల నిండా బొమ్మలు గీసేవాడని చెబుతారు. స్వయంగా చిత్రకారుడైన మేనమామ రాజరాజవర్మ ఆ గీతలను చూసి మందలించలేదు. వాటిలోని ప్రతిభను గుర్తించి తానే తొలి గురువైనాడు. 1862లో పద్నాలుగేళ్ల మేనల్లుణ్ణి తిరువనంతపురం తీసుకొనిపోయి, ఆయిల్యం తిరునాళ్ మహారాజు ఆశ్రయంలో ఉంచాడు.

ఆ కాలంలో తైలవర్ణ చిత్రలేఖనం మన దేశంలో కొద్దిమందికే తెలిసిన విద్య. నూనెతో కలిపిన రంగులు నెమ్మదిగా ఆరుతాయి. కాబట్టి ఒక వర్ణాన్ని మరొక వర్ణంలో మెల్లగా కలిపి వెలుగునీడలను, పట్టుచీర నిగనిగలను, చర్మపు ఛాయను సహజంగా చూపవచ్చు. ఈ రహస్యాలను ఆ యువకునికి బోధించడానికి ఆస్థాన చిత్రకారుడు ఇష్టపడలేదు. 1868లో వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ కూడా పాఠం చెప్పడానికి అంగీకరించక, తాను చిత్రిస్తుండగా చూడటానికి మాత్రమే అనుమతించాడు. రవివర్మకు ఆ అనుమతే చాలింది. కన్నులతో నేర్చిన దానిని చేతులతో సాధన చేసి, ఏకలవ్యుని వలె తన విద్యను తానే సాధించుకొన్నాడు.

ఆ సాధన 1873లో ఫలించింది. మల్లెమాలతో కొప్పు ముడుచుకొంటున్న నాయరు వనిత చిత్రానికి మద్రాసు ప్రదర్శనలో స్వర్ణపతకం లభించింది. అదే సంవత్సరం వియన్నాలోనూ ఆయన కృషికి బహుమతి దక్కింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు పంపిన పది చిత్రాలకు పతకాలు వచ్చాయి.

బరోడా మహారాజు కోరికపై రవివర్మ 14 పౌరాణిక చిత్రాలు రచించాడు. వాటిలోని వేషధారణ కోసం తమ్ముడు రాజరాజవర్మతో కలిసి ఉత్తర భారతమంతా పర్యటించాడు. కాలిలో ముల్లు గుచ్చుకొన్న నెపంతో వెనుదిరిగి దుష్యంతుని కోసం చూసే శకుంతల, హంస పలుకులను ఆలకించే దమయంతి ఆయన కుంచె నుండి వెలువడిన అపురూప సృష్టులు. శ్రీనాథుని శృంగార నైషధం చదివిన తెలుగువారికి ఆ దమయంతి చిరపరిచిత.

అయితే ఈ చిత్రాలు రాజభవనాలకే పరిమితమయ్యేవి. వాటిని అచ్చువేయించి అందరికీ అందించవలసిందిగా దివాను సర్ టి. మాధవరావు లోగడ సూచించాడు. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం స్థాపించాడు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాతిపలకను సిద్ధపరచి, ఒకే కాగితంపై వరుసగా అద్దేవారు. లక్ష్మీ సరస్వతుల చిత్రాలు సామాన్యుల ఇళ్లకు చేరాయి. ఆలయ ప్రవేశానికి నోచుకోని వారి గుడిసెలలో కూడా దైవం కొలువుతీరింది. తనకు విద్య దాచిన లోకానికి ఆయన తన కళను ఇంటింటా పంచిపెట్టాడు. కానీ ఆ వ్యాపారం లాభించలేదు. అప్పులు పెరిగి, చివరకు దానిని ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణునికి అమ్మివేయవలసి వచ్చింది.

1904లో ప్రభుత్వం ఆయనను కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకంతో గౌరవించింది. మరుసటి ఏడాదే చిత్రరచనలో కుడిభుజంగా నిలిచిన తమ్ముడు మరణించాడు. ఆ దుఃఖం నుండి రవివర్మ తేరుకోలేకపోయాడు. 1906 అక్టోబరు 2న తాను పుట్టిన కిలిమానూరులోనే కన్నుమూశాడు.

ఆయన చిత్రాలలో పాశ్చాత్య అనుకరణ, నాటకీయత ఎక్కువని ఆనంద కుమారస్వామి వంటి విమర్శకులు ఆక్షేపించారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. అయినా సరస్వతి అనగానే తెల్లని చీర, చేతిలో వీణ, చెంత నెమలి గల రూపం నేటికీ మన మనసులో మెదలుతుంది. ఆ రూపాన్ని మన ఇళ్లలో నిలిపినవాడు రవివర్మే. పండితుల మెప్పు కంటె సామాన్యుల పూజామందిరాలలో దక్కిన ఈ స్థానమే ఆయన కళకు శాశ్వత గౌరవం.