విషాదసారంగధర నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు

‘ఆంధ్రనాటకపితామహ’ బిరుదాంకితులైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో జన్మించారు. సంస్కృతాంధ్ర కర్ణాట భాషలలో పాండిత్యం గడించి, బళ్లారిలో న్యాయవాదవృత్తిని అవలంబించారు. సరసవినోదినీ సభను నెలకొల్పి, 1887లో చిత్రనళీయాన్ని ప్రదర్శింపజేశారు.

అంతకుముందు తెలుగు పల్లెలకు తెలిసిన దృశ్యకళ వీథినాటకం. ఆరుబయట, రుసుము లేకుండా, ఊరంతా కూర్చుండి చూచేది. ఆచార్యులవారు నాటకాన్ని తెరలతో కూడిన రంగస్థలం మీదికి తెచ్చి, అంకాలను రంగాలుగా విభజించి, పాటలకు స్థానం కల్పించారు. అయితే వారి అసలైన సాహసం విషాదసారంగధర.

కోనసీమకు ఎగువన, గోదావరీతీరంలోని రాజమహేంద్రవరంలో సారంగధరమెట్ట నేటికీ ఆ కథకు గుర్తుగా నిలిచి ఉంది. రాజరాజనరేంద్రుని కుమారుడుగా ప్రసిద్ధుడైన సారంగధరుడు సవతితల్లి చిత్రాంగి మోపిన అపనిందకు గురియై, తండ్రి ఆజ్ఞచే కరచరణాలు కోల్పోయాడని ఐతిహ్యం. చరిత్రలో దీనికి ఆధారం లేదు. పదునైదవ శతాబ్దికి చెందిన గౌరన నవనాథచరిత్రలో సిద్ధుని అనుగ్రహంతో అతని అవయవాలు మరల మొలచినట్లున్నది. ఆచార్యులవారు మాత్రం తమ నాటకాన్ని విషాదాంతం చేశారు. తెలుగులో ఇదే తొలి విషాదాంత నాటకమని సాహిత్యచరిత్రకారులు గుర్తించారు.

నాయకమరణం ప్రదర్శనయోగ్యం కాదని దశరూపకకారుని నియమం. అందుకు భిన్నమైన భాసుని ఊరుభంగం అనంతశయన సంస్కృత గ్రంథావళిలో 1912లో గాని ముద్రితం కాలేదు. కనుక విషాదసారంగధర వెలువడిన కాలంలో తెలుగు పండితులకు ఊరుభంగం వంటి లక్ష్యం చేతికందలేదు.

విచిత్రమేమనగా ఇటువంటి కథయే గ్రీకు రంగస్థలంపై క్రీ.పూ. 428లో విషాదాంతంగా వెలసింది. యూరిపిడీస్ రచించిన హిప్పోలిటస్‌లో సవతితల్లి ఫీడ్రా నిందారోపణను నమ్మి తండ్రి థీసియస్ శపించగా కుమారుడు మరణిస్తాడు. ఏథెన్సులో ఆ నాటకం సైతం వీథినాటకం వలె ఆరుబయటనే, పౌరసమూహం ఎదుట ప్రదర్శితమైంది. రెండు కథలలోనూ తండ్రికి నిజం తెలిసేసరికి శిక్ష అమలై ఉంటుంది. విచారణ లేని తీర్పే ఉభయత్ర విషాదబీజం. సిద్ధుని మహిమ ఆ తప్పును మాన్పగలదు గాని, తీర్చిన రాజును విచారించదు. న్యాయవాదియైన నాటకకర్త ఆ మహిమను తొలగించడంతో రాజు చేసిన అన్యాయం ప్రేక్షకుని ఎదుట మిగిలిపోయింది.

ఆచార్యులవారు 1912లో పరమపదించారు. వారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) ఆ నాటకకళను తరువాతి తరానికి అందించారు.