కానూరి లక్ష్మణరావు

కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) ప్రముఖ ఇంజనీరు, కేంద్ర మంత్రి, మూడు పర్యాయాలు విజయవాడ నుండి ఎన్నికైన లోక్‌సభ సభ్యుడు. ఈయన కె.ఎల్.రావుగా ప్రసిద్ధుడు. నాగార్జునసాగర్ రూపశిల్పిగా తెలుగువారికి సుపరిచితుడైన ఈయన పది సంవత్సరాల పాటు దేశ విద్యుచ్ఛక్తి వ్యవహారాలను కూడా చూశాడు. ఇంటిలో దీపం మిణుకుమనకుండా వెలగడానికి అవసరమైన ప్రాంతీయ విద్యుత్ వ్యవస్థలకు పునాది పడినది ఆ కాలంలోనే.

బాల్యం, విద్య

లక్ష్మణరావు కృష్ణా జిల్లా, విజయవాడ సమీపంలోని కంకిపాడులో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదవ ఏట తండ్రి మరణించాడు. బడిలో ఆడుకుంటుండగా తగిలిన దెబ్బ వలన ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు మానలేదు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రుడై, మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి విద్యార్థి అయ్యాడు. కొంతకాలం రంగూనులో అధ్యాపకుడిగా పనిచేసి, ఇంగ్లండు వెళ్ళి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

ఇంజనీరుగా

స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వంలో చేరిన లక్ష్మణరావు గోదావరిపై తలపెట్టిన రామపాదసాగర్ ప్రాజెక్టు రూపకల్పనలో పనిచేశాడు. ఆ ప్రాజెక్టు కాగితాలను దాటలేదు. 1950లో ఢిల్లీలోని కేంద్ర జల, విద్యుత్ సంఘంలో డిజైన్ల విభాగానికి డైరెక్టరయ్యాడు. 1954లో చీఫ్ ఇంజనీరు పదవి లభించింది.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్టను కాంక్రీటుకు బదులు రాతికట్టడంగా నిర్మించారు. దీనివలన యంత్రాల అవసరం తగ్గి, వేలాది కార్మికులకు పని దొరికింది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది. తరువాత అక్కడ నెలకొల్పిన 815.6 మెగావాట్ల విద్యుత్కేంద్రంలో ఎక్కువ యంత్రాలు రెండు విధాలుగా పనిచేస్తాయి: నీటితో విద్యుత్తు తీయగలవు, విద్యుత్తుతో నీటిని తిరిగి పైకి తోడగలవు.

మంత్రిగా

1962, 1967, 1971 ఎన్నికలలో లక్ష్మణరావు కాంగ్రెసు అభ్యర్థిగా విజయవాడ నుండి గెలుపొందాడు. 1963 జూలైలో కేంద్రంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖ మంత్రి అయ్యాడు. నెహ్రూ, లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరా గాంధీల ప్రభుత్వాలలో 1973 వరకు కొనసాగాడు. 1963లోనే భారత ప్రభుత్వం ఈయనకు పద్మభూషణ్ ప్రదానం చేసింది.

నేడు సెన్సారు స్విచ్చుతో వెలిగే ఎల్.ఇ.డి. దీపం మిణుకుమంటే సాధారణంగా దీపంలోని డ్రైవరులోనో, స్విచ్చులోనో, వైరింగులోనో లోపం వెతుకుతారు. 1960వ దశకంలో దీపం మసకబారితే కారణం చాలాసార్లు ఇంటి బయట, కొన్నిసార్లు వందల మైళ్ళ దూరంలో ఉండేది. పొడవైన లైను చివరనున్న ఊరికి చేరేసరికి వోల్టేజి పడిపోయేది. పొలాలలో పంపుసెట్లు ఒక్కసారిగా నడిస్తే మరింత తగ్గేది. అప్పుడు ఫిలమెంటు బల్బు ఎర్రగా మండేది, ట్యూబులైటు వెలిగీ వెలగక కొట్టుకునేది. వినియోగానికి తగిన ఉత్పత్తి లేనపుడు సెకనుకు 50 ఆవృత్తులుండవలసిన పౌనఃపున్యం కూడా తగ్గుతుంది. జలవిద్యుత్తుపై ఆధారపడిన రాష్ట్రాలకు వానలు తప్పిన ఏడు ఇది పెద్ద సమస్య. పొరుగు రాష్ట్రంలో మిగులు ఉన్నా దానిని తెచ్చుకొనే లైన్లు తక్కువ.

ఈ స్థితికి పరిష్కారంగా 1964లో దేశాన్ని అయిదు ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ విద్యుత్ బోర్డులను ఏర్పాటు చేశారు. ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంతంలో చేరింది. రాష్ట్రాల విద్యుత్ వ్యవస్థలను కలిపి నడపడం వీటి ఉద్దేశం. గ్రామాల విద్యుదీకరణకు అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడింది. ఈ రెండూ లక్ష్మణరావు మంత్రిగా ఉన్న కాలానివే.

గంగా - కావేరి పథకం

1972లో లక్ష్మణరావు గంగా, కావేరి నదులను కలిపే పథకాన్ని ప్రతిపాదించాడు. పాట్నా వద్ద గంగలో వరదలు వచ్చే 150 రోజుల పాటు 60,000 క్యూసెక్కుల నీటిని తీసుకొని, 2,640 కిలోమీటర్ల మార్గంలో దక్షిణాదికి తరలించాలన్నది ఆలోచన. ఇందుకు నీటిని సుమారు 549 మీటర్ల ఎత్తుకు తోడాలి. దానికి 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు కావాలి. ఆనాటి దేశ మొత్తం ఉత్పత్తి సామర్థ్యంలో అది చాలా పెద్ద భాగం. వ్యయం, విద్యుత్తు రెండూ అందుబాటులో లేనివని కేంద్ర జలసంఘం భావించడంతో పథకం ముందుకు సాగలేదు. దేశంలో విద్యుత్తు ఎంత కొరతగా ఉన్నదో దగ్గరగా చూసిన మంత్రి కన్న పెద్ద కలకు ఆ విద్యుత్తే అడ్డయింది. అయినా తరువాతి నదుల అనుసంధాన చర్చలన్నీ ఈ పథకాన్ని ప్రస్తావిస్తూనే వచ్చాయి.

రచనలు

భారతదేశ జలవనరులపై వ్రాసిన "ఇండియాస్ వాటర్ వెల్త్" 1975లోను, ఆత్మకథ "ది క్యూసెక్స్ కాండిడేట్" 1978లోను వెలువడ్డాయి. రెండూ ఆంగ్ల గ్రంథాలే.

మరణం, స్మృతి

లక్ష్మణరావు 1986 మే 18న మరణించాడు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణా నదిపై నిర్మించిన పులిచింతల ప్రాజెక్టుకు డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని పేరు పెట్టారు. 1988లో ఒకసారి, 2004లో మరొకసారి శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభమయింది. 45.77 టి.ఎం.సి.ల నీటిని నిలువచేసి కృష్ణా డెల్టాకు అందించే ఈ జలాశయం వద్ద 120 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఉంది.

అదే నెల 31వ తేదీన దక్షిణ ప్రాంత విద్యుత్ వ్యవస్థను మిగిలిన దేశంతో అనుసంధానించారు. దానితో దేశమంతా ఒకే పౌనఃపున్యంపై నడిచే ఒకే గ్రిడ్ అయింది. 1964లో అయిదు ప్రాంతాలతో మొదలైన ప్రయత్నం పూర్తికావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.